చేపల జబ్బులు - సూక్ష్మజీవుల చక్కెర కవచము

కార్తీకము దాటి చలి మొదలైనదంటే కొల్లేటి చుట్టుప్రక్కల చేపల చెరువులు గల రైతులకు గుండెలో దిగులు ప్రారంభమగును. ఒకనాటి ఉదయము గట్టు వెంబడి నడచుచుండగా నాలుగైదు శీలావతులు ఒడ్డున మందకొడిగా ఈదుచు కనబడును. పట్టి చూచినచో పొలుసుల క్రింద ఎర్రని మచ్చలు, రెక్కల మొదట రక్తపు చారలు ఉండును. కొన్నిటికి పొట్ట ఉబ్బియుండును. రైతు వెంటనే మందుల దుకాణమునకు పోయి, "నిరుడు ఇచ్చిన మందే ఇవ్వండి" అని అడుగును. నిరుడు ఆ మందుతో జబ్బు తగ్గినది. ఈ ఏడు తగ్గలేదు. ఏమి కారణము?

ఈ ప్రశ్నకు జవాబులు పెక్కు గలవు. మందు నకిలీది కావచ్చును. మోతాదు చాలకపోవచ్చును. సూక్ష్మజీవి ఆ మందుకు లొంగని స్థితికి వచ్చియుండవచ్చును. అసలు జబ్బే వేరైయుండవచ్చును. వీనిని గురించి పలువురు చెప్పుచునే యున్నారు. అయితే ఎవరును అంతగా తలపెట్టని సంగతి మరియొకటి గలదు. అది సూక్ష్మజీవి తన ఒంటిపై తొడుగుకొను చక్కెర కవచము. జబ్బుకు ఒక పేరు పెట్టి ఊరుకొనుట చాలదనియు, ఆ సూక్ష్మజీవి ఏ కవచము తొడిగి వచ్చినదో కూడ తెలిసికొనవలెననియు నా అభిప్రాయము. ఎందుకో మనవి చేయుదును.

చేపకు గల కాపలా

చెరువు నీటిలో సూక్ష్మజీవులు లేని రోజు ఉండదు. ఎర్రమచ్చల జబ్బు కలిగించు ఏరోమోనాస్ హైడ్రోఫిలా అను బాక్టీరియా ఆరోగ్యముగా ఉన్న చెరువులో సైతము ఉండునదే. అయినను చేపలన్నియు చచ్చుట లేదు గదా! చేపకు తన కాపలా తనకు గలదు.

మొదటి కాపలా ఒంటిపై నుండు జిగురు. చేపను చేతితో పట్టిన జారిపోవునది దీనివలననే. ఇది సూక్ష్మజీవులను అంటుకొననీయక ఎప్పటికప్పుడు కడిగివేయును. కొన్నిటిని కరగించు పదార్థములు కూడ దీనిలో గలవు. దీనిని దాటి లోనికి వచ్చిన వానికి రక్తములో రెండవ కాపలా ఎదురగును. రక్తపు ద్రవములో కొన్ని మాంసకృత్తులు కలిసి తిరుగుచుండును. వీనికి కాంప్లిమెంటు అని పేరు. వీని సంగతులు వెలికితీసిన బెల్జియము దేశపు శాస్త్రజ్ఞుడు జూల్స్ బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. ఈ మాంసకృత్తులు బాక్టీరియా గోడకు అతుకుకొని, ఒకదానిపై ఒకటి చేరి, చివరకు దాని పొరకు రంధ్రము పొడుచును. రంధ్రము పడిన బాక్టీరియా నీరెక్కి పగిలిపోవును.

మూడవ కాపలా భక్షక కణములు. ఇవి శత్రువును పట్టి మింగివేయును. కాంప్లిమెంటు అంటుకొనిన సూక్ష్మజీవిని ఇవి సులువుగా గుర్తించి పట్టుకొనును. ఇక నాల్గవది ప్రతిరక్షకములు. ఇవి ఒక్కొక్క శత్రువును దాని రూపమును బట్టి గుర్తుంచుకొనునవి. అయితే చేప వీనిని తయారుచేయుటకు వారముల కాలము పట్టును. నీరు చల్లబడిన కొలది ఇంకను ఆలస్యమగును. చలికాలములో జబ్బు ముదురుటకు ఇది యొక కారణము.

ముళ్ళకంప, సబ్జా గింజ

ఇంత కాపలా ఉండగా కొన్ని సూక్ష్మజీవులు ఎట్లు తప్పించుకొనుచున్నవి? ఇక్కడనే చక్కెరల సంగతి వచ్చును. చక్కెర యనగా మనము కాఫీలో వేసికొనునది మాత్రమే కాదు. ఆ జాతికి చెందిన పదార్థములు అనేకము గలవు. బాక్టీరియా వీనిని గొలుసులుగా కూర్చి తన ఒంటిపై నిలుపుకొనును.

ఏరోమోనాస్ వంటి బాక్టీరియాలకు వెలుపలి పొరనుండి ఈ గొలుసులు బయటకు పొడుచుకొని యుండును. శాస్త్రజ్ఞులు వీనిని ఓ-ప్రతిజనకము అందురు. ఇది పొలము చుట్టు వేసిన ముళ్ళకంప వంటిది. కాంప్లిమెంటు మాంసకృత్తులు వచ్చి ముళ్ళ కొనలకు తగులుకొనును. అవి అక్కడనే చేరి పొడుచును గాని, ఆ పోటు గోడదాక పోదు. గాలిలో గునపము వేసినట్లగును. కంప పొట్టిగా ఉన్నను, అసలు లేకున్నను, అదే బాక్టీరియా రక్తములో పడిన కొద్దిసేపటికే చచ్చును.

మరికొన్ని బాక్టీరియాలు ఒంటి చుట్టు దళసరి జిగురు తొడుగు కట్టుకొనును. నీటిలో నానిన సబ్జా గింజను చూడుడు. గింజ చుట్టు తెల్లని జిగురు పట్టి, వ్రేళ్ళతో పట్టబోయిన జారిపోవును. తొడుగు గల బాక్టీరియాను భక్షక కణము పట్టబోయినను అట్లే జారిపోవును. గురక చేపలను చంపు స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అను బాక్టీరియా ఇంకొక అడుగు ముందుకు వేసినది. దీని తొడుగులో సియాలిక్ ఆమ్లము అను చక్కెర గలదు. చేపల, జంతువుల స్వంత కణములపై ఉండునదియు ఆ చక్కెరయే! అందువలన కాపలావాడు దానిని చూచి "ఇది మనదే" యని భ్రమపడి విడిచిపుచ్చును. మేకవన్నె పులి యనగా ఇదే.

ఇది క్రొత్తగా పుట్టిన ఊహ కాదు. మనుష్యులకు ఊపిరితిత్తుల వాపు కలిగించు న్యూమోకాకస్ బాక్టీరియాపై లండనులో ఫ్రెడరిక్ గ్రిఫిత్ చేసిన ప్రయోగములు 1928లో ప్రకటింపబడినవి. చక్కెర తొడుగు గల నున్నని రకము ఎలుకలను చంపినది. తొడుగు లేని గరుకు రకము చంపలేదు. చేపల బాక్టీరియాలలోను ఈ నున్నన, గరుకు భేదము గలదని తరువాతి పరిశోధనల వలన తేలినది.

అయితే చక్కెర కవచమే జబ్బునకు సర్వకారణమని చెప్పుట పొరపాటు. ఏరోమోనాస్ విషములను కూడ విడుచును. కండరములను, రక్తకణములను కరగించును. కవచము చేయు పని వేరు. ఆ విషములు పనిచేయుటకు వలయు వ్యవధిని అది బాక్టీరియాకు సంపాదించి పెట్టును. దొంగకు కత్తి ఒకటి, ముసుగు ఒకటి. కత్తిని గురించియే మాట్లాడి ముసుగును మరచుట తగదు.

పేరు ఒకటే, కవచము వేరు

2009లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున పెంపుడు క్యాట్‌ఫిష్ చెరువులలో పెద్ద ఉపద్రవము వచ్చినది. బజారుకు పంపుటకు సిద్ధముగా నున్న పెద్ద చేపలే ఎక్కువగా చచ్చినవి. పరీక్షించి చూడగా అది మనమెరిగిన ఏరోమోనాస్ హైడ్రోఫిలాయే! చెరువులో ఎప్పుడును ఉండు సామాన్యపు బాక్టీరియా ఇంత నాశనము చేయుట ఏమని శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడిరి. దాని జన్యువులను చదువగా, ఈ ఉపద్రవపు రకములలో ఓ-చక్కెర గొలుసులను కూర్చు జన్యువులు ఒక ప్రత్యేకమైన వరుసలో ఉన్నట్లు తేలినది. ఇతర భేదములును కనబడినవి. ఇది ఆసియా ఖండమునుండి వచ్చిన తెగకు సంబంధించినదనియు, చైనాలో జబ్బుపడిన గడ్డిచేపనుండి తీసిన బాక్టీరియా దీనికి దగ్గరి చుట్టమనియు 2014లో ప్రకటించిరి. మనము కూడ గడ్డిచేపను, కార్పు జాతి చేపలను పెంచువారమే. కనుక ఈ కథ మనది కాదని త్రోసివేయరాదు.

ఇందులో నీతి ఏమి? "ఏరోమోనాస్" అను పేరు చెప్పుట వలన రైతుకు సగము సంగతియే తెలిసినది. ఇంటిపేరు చెప్పి మనిషిని గుర్తింపుమన్నట్లు!

టీకాల కథ

కవచపు సంగతి అందరికంటె బాగుగా తెలిసినది టీకాలు వేసిన దేశములకు. అమెరికాలో 1976లో చేపలకు మొట్టమొదటి టీకా అమ్మకమునకు అనుమతి పొందినది. అది ట్రౌట్ చేపల ఎర్రమూతి జబ్బునకు సంబంధించినది. చంపిన బాక్టీరియా కలిపిన నీటిలో చేపపిల్లలను ముంచి తీసిన చాలును. ఆ టీకా వలన చేప నేర్చుకొను ముఖ్యమైన గుర్తు ఆ బాక్టీరియా ఒంటిమీది చక్కెర గొలుసే. అనగా కాపలానుండి తప్పించు కవచమే, ఒకసారి గుర్తుపట్టిన పిమ్మట, దొంగను పట్టించు ఆనవాలు అగుచున్నది.

కాని దొంగ చొక్కా మార్చినచో? ఇజ్రాయెల్ దేశమున స్ట్రెప్టోకాకస్ ఇనియే అను బాక్టీరియా ట్రౌట్ చేపలను చంపుచుండగా 1995 మొదలు టీకాలు వేసిరి. రెండేండ్లు గుణము కనబడినది. 1997లో టీకా వేసిన చేపలలోనే జబ్బు తిరిగి వచ్చినది. పేరు అదే, రకము వేరు. ఈ క్రొత్త రకము తన చుట్టు చక్కెర జిగురును విస్తారముగా విడుచుచున్నట్లు తరువాత కనుగొనిరి. ఆస్ట్రేలియాలోను, మనము పండుగప్ప అని పిలుచు చేపను పెంచు క్షేత్రములలో, ఇదే బాక్టీరియాపై టీకాలు వేసిరి. అక్కడను టీకా పొందిన చేపలు మరల జబ్బుపడెను. బాక్టీరియా తన తొడుగును కూర్చు జన్యువులలో మార్పులు తెచ్చుకొని టీకానుండి తప్పించుకొనుచున్నట్లు 2012లో పరిశోధకులు వివరించిరి.

దీనికి ఎదురు కథ కూడ ఒకటి గలదు. అమెరికాలో క్యాట్‌ఫిష్ పిల్లలను చంపు ఎడ్వర్డ్‌సియెల్లా ఇక్టలూరి అను బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి పెంచి, చక్కెర గొలుసు పోయిన రకమును తీసిరి. కవచము పోగానే అది జబ్బు చేయు శక్తిని పోగొట్టుకొనినది. అయినను ప్రాణముతో నుండుట వలన చేపకు తన తక్కిన ఆనవాళ్ళను నేర్పగలిగినది. 1999లో ప్రకటించిన ఈ రకమునే సజీవ టీకాగా వాడుకలోనికి తెచ్చిరి. కవచము తొడిగిన చంపును, విప్పిన రక్షించును. దాని విలువ తెలిసికొనుటకు ఇంతకంటె నిదర్శనము ఏమి కావలెను?

"ఈ రాత్రి చచ్చు చేపల సంగతి ఏమి?"

రైతులు నన్ను అడుగు ప్రశ్న ఇది. "అయ్యా, చక్కెరలు, గొలుసులు మాకెందుకండి? మా చేపలు ఈ రాత్రి చచ్చుచున్నవి" అందురు. న్యాయమైన మాట. నేనును ఒకప్పుడు అట్లే తలచి పొరపాటు చేసినవాడను. కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు నాలుగు చేపలు తెచ్చి చూపగా, ఎర్రమచ్చలు చూచినంతనే జబ్బు పేరు చెప్పి, మేతలో మందు కలుపుమని సలహా ఇచ్చితిని. ఆయన తవుడులో మందు కలిపి, సంచులలో నింపి, చిల్లులు పొడిచి కర్రలకు కట్టినాడు. మరునాటి సాయంకాలము వరకు సంచులు చాలభాగము నిండుగనే యుండెను. జబ్బుపడిన చేప మేత తినదు గదా! మందు తినినవి ఆరోగ్యముగా నున్న చేపలు. మిగిలినది నీటిలో కరగిపోయినది. ఆ రైతు పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరైనది. పరీక్షకు ఒక్క చేపనైనను పంపలేదు గనుక అది ఏ బాక్టీరియాయో, ఏ రకమో ఈనాటికిని నాకు తెలియదు. ఆ తప్పు రైతుది కాదు, నాది.

మందు పనిచేయు విధమును రైతు సోదరులు ఒకింత ఆలోచింపవలెను. పెక్కు సందర్భములలో మందు శత్రువుల సంఖ్యను తగ్గించును. మిగిలిన వానిని తుడిచివేయవలసినది చేప యొక్క కాపలాయే. చేప బలహీనమై, శత్రువు కవచధారియైనప్పుడు ఆ చివరి పని జరుగదు. మందు ఆపిన కొలది దినములకు జబ్బు తిరిగి వచ్చును. అప్పుడు ఇంకొక మందు, దాని తరువాత మరియొకటి. ఇట్లు పోయిపోయి మందుకు లొంగని బాక్టీరియాలను మనమే పెంచుచున్నాము. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులను చేపల, రొయ్యల పెంపకములో వాడరాదని మన దేశమున నిషేధము కలదు. ఈ సంగతి మరువకూడదు.

రైతు చేయవలసినది

కవచము తొడిగిన శత్రువుతో చేప పోరాడవలెనన్న, చేప కాపలా చెక్కుచెదరకుండ చూచుట రైతు చేతిలో గలదు. చేపపేను పట్టిన చెరువును ఉపేక్షింపరాదు. పేను కుట్టిన ప్రతి గాయము జిగురు కాపలాకు పడిన గండి. ఆ గండి నుండియే బాక్టీరియా లోనికి పోవును. తెల్లవారుజామున చేపలు పైకి తేలి గాలి మింగుచున్నచో ప్రాణవాయువు చాలలేదని గ్రహించి, మేత తగ్గించి, నీరు పెట్టవలెను. వల లాగునప్పుడును, పిల్లలను తరలించునప్పుడును ఒరిపిడి తగ్గింపవలెను. బెదరి అలసిన చేపలో కాపలా కొన్నాళ్ళు మందగించును. ఎకరమునకు వేయదగిన సంఖ్యకు మించి పిల్లలను వేసి, తరువాత మందులతో నెట్టుకొని రావచ్చుననుకొనుట వట్టి భ్రమ.

జబ్బు కనబడిన నాడు మందు కలుపుటకు ముందే చేపలను పరీక్షకు పంపవలెను. చచ్చి కుళ్ళిన చేప పనికిరాదు. ప్రాణముతో నుండి మందకొడిగా ఈదుచున్న వానిని మూడు నాలుగింటిని పట్టి, ప్రాణవాయువు నింపిన సంచిలో పంపుట మంచిది. అట్లు వీలుకానిచో అప్పుడే చచ్చిన దానిని మంచుగడ్డల మధ్య నుంచి అదే దినము చేర్చవలెను, గడ్డకట్టించరాదు. చెరువు విస్తీర్ణము, వేసిన పిల్లలు, వాడిన మందులు ఒక చీటీపై వ్రాసి జతపరుపవలెను. ఇంతకు పట్టునది ఒక పూట శ్రమ.

శాఖ చేయవలసినది

రైతు తన వంతు చేసిన సరిపోదు. మా వంతు గూడ కలదు. పరీక్షకు వచ్చిన చేపలో "ఏరోమోనాస్" ఉన్నదని కాగితముపై వ్రాసి పంపుటతో పని ముగిసినదని తలచు అలవాటు పోవలెను. ప్రయోగశాలలో వేరుచేసిన ప్రతి బాక్టీరియాకు కవచపు రకమును నిర్ణయించవలెను. ఇది ఒకప్పుడు ప్రత్యేక రక్తద్రవములతో మాత్రమే చేయదగిన పని. నేడు జన్యుపరీక్షల వలన సులువైనది. ఏ మండలమున, ఏ నెలలో, ఏ చేపలో, ఏ కవచము కనబడినదో ఒక పట్టిక నిర్వహింపవలెను. ఉండిలోని మత్స్య పరిశోధన స్థానము, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ వంటివి గల రాష్ట్రమున ఇది అసాధ్యము కాదు.

ఇందులో ఒక మెలకువ గలదు. బార్సిలోనా పరిశోధకులు ఏరోమోనాస్‌లోని ఓ-34 అను రకమును పరీక్షించి చూడగా, 20 డిగ్రీల వేడిలో పెంచినప్పుడు చక్కెర గొలుసులు నిండుగా నుండి అది ప్రమాదకరముగా నుండెను. 37 డిగ్రీలలో పెంచినప్పుడు గొలుసులు పోయి గరుకు రకమైనది. అనగా ఈ సూక్ష్మజీవి వేడిని బట్టి చొక్కా మార్చుకొనును. కావున ఆసుపత్రి పద్ధతిని గ్రుడ్డిగా అనుసరించి బాక్టీరియాను మనిషి ఒంటి వేడిలో పెంచక, చెరువు నీటి వేడిలో పెంచి చూడవలెను. లేనిచో మనము పరీక్షించునది చెరువులోని దొంగను కాదు, వాని విడిచిన బట్టలను.

మన పెంపుడు చేపలకు టీకాల పరిశోధన సాగుచున్నది. రేపు టీకాలు విరివిగా బజారునకు వచ్చినప్పుడు, దుకాణదారు పేరు చూపి అమ్మును. రైతు పేరు చూచి కొనును. కవచపు పట్టిక మనవద్ద లేనిచో ఆ టీకా మన చెరువులోని రకమునకు తగినదో కాదో చెప్పగలవారుండరు. ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా రైతులు డబ్బుపెట్టి నేర్చుకొన్న పాఠమును మనము మరల డబ్బుపెట్టి నేర్చుకొనవలసిన పనిలేదు. పట్టికకు అగు ఖర్చు ఎక్కువ గదా యని కొందరు అనవచ్చును. ఒక్క చలికాలములో చెరువు గట్టున గుంట త్రవ్వి పూడ్చిన చేపల విలువ తెలిసిన రైతు ఆ మాట అనడు.

సోదరులారా, వచ్చే కార్తీకము లోపుగా మీ గ్రామపు చేపల రైతులు నలుగురు కలిసి ఒక నిర్ణయము చేసికొనుడు: మందు సంచి విప్పుటకు ముందు, జబ్బు చేపను పరీక్షకు పంపవలెనని. పరీక్ష చేసినవారిని "పేరు చెప్పితిరి, రకము కూడ చెప్పుడు" అని అడుగుడు. అడుగువారు ఉన్నప్పుడే చెప్పువారు తయారగుదురు.